మిషన్ వేయని పిళ్ళయారు సుళి

మా ఆఫీసుకు ఆ పరికరం వచ్చిన రోజున నేను తలస్నానం చేసి వచ్చి, కంప్యూటర్‌కు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టించాను. పరికరం అంటే చేత్తో పట్టుకునేది కాదు, అదీ ఒక సాఫ్ట్‌వేరే. మామూలుగా ప్రోగ్రామర్లు కోడ్‌ను వరుస తర్వాత వరుస టైపు చేస్తారు. ఇందులో ముందు తెర మీద బొమ్మ గీయాలి. ఇది కల్యాణ మండపం, ఇది బుకింగు, వీళ్ళు పెళ్ళివాళ్ళు అని పెట్టెలు గీసి, వాటిని గీతలతో కలపాలి. ఆ బొమ్మనే మోడల్ అంటాం. తర్వాత ‘జనరేట్’ నొక్కితే కోడ్ మొత్తం అదే రాసేస్తుంది. ఏదైనా మార్చాలంటే బొమ్మలో మార్చి మళ్ళీ జనరేట్ నొక్కాలి. పాత కోడ్ పోతుంది, కొత్తది వస్తుంది.

తిరువళ్ళూరులో మందుల దుకాణం పైన ఒక అంతస్తు మా ఆఫీసు. అసలు ఆఫీసు చెన్నైలో ఉంది. ఆ పరికరం కావాలని పట్టుబట్టింది నేనే. ఓనరు ఒక షరతు పెట్టాడు. "కల్యాణ మండపాల సాఫ్ట్‌వేర్ దీంతో చేసి చూపించండి. ఆడి మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, మండపాల ఆయన తీరిగ్గా వచ్చి చూస్తాడు. ఆయనకు నచ్చితే సరే. లేకుంటే దీన్ని తీసి పారేసి, మిమ్మల్ని చెన్నైలో సాయంత్రం షిఫ్టుకు వేస్తాను."

సాయంత్రం షిఫ్టు అంటే నాకు శనివారం భజన పోయినట్టే. పన్నెండేళ్ళుగా మా భజన మందిరంలో మొదటి పాట ఎత్తేది నేనే. జీతం తగ్గిస్తానన్నా ఇంత కంగారు పడేదాన్ని కాదేమో.

మొదటి రోజు ప్రోగ్రామర్లు ఆరుగురినీ కూర్చోబెట్టాను. ప్రెజెంటేషన్ ఇవ్వడం నాకు రాదు. చిన్నప్పటినుంచి విన్నది పురాణ కాలక్షేపమే కాబట్టి ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాను. "సృష్టికి ముందు సంకల్పం ఉంది. సంకల్పం శుద్ధంగా ఉంటే సృష్టిలో దోషం రాదు. మన బొమ్మే సంకల్పం. కోడే సృష్టి."

"అక్కా," అంది కడంబత్తూరు నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి, "కడాకు సుండల్ ఇస్తారా?"

పురాణం అయ్యాక పంచే శనగ గుగ్గిళ్ళు గుర్తొచ్చి అందరూ నవ్వారు. నవ్వనివాడు మామ ఒక్కడే. ఆఫీసులో అందరికన్నా పెద్దవాడు కాబట్టి ఓనరుతో సహా అందరూ ఆయన్ను మామా అనే పిలుస్తారు. ఊత్తుకోట అవతల సరిహద్దు పల్లెలో పొలాలున్న ఇంటివాడు. రెండు వేళ్ళతోనే టైపు చేస్తాడు గానీ ఆ వేగం పది వేళ్ళవాళ్ళకు లేదు. పెద్ద మీసం. ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని దువ్వుతాడు.

"అమ్మాయ్, ఇరవై ఏండ్లుగా నేను రాస్తా ఉండే కోడు ఇప్పుడు మిషన్ రాస్తాదంటావు. మరి నేనేం చేసేది? బొమ్మలకు రంగులేసేదా?"

"మామా, తిరుత్తణిలో మా నాయన మగ్గం మీరు చూసినారు గదా. అంచులో నెమలి కావాలంటే ముందు గళ్ళ కాగితం మీద నెమలిని గీస్తాడు. ఆ గళ్ళను బట్టి అట్టలకు బొక్కలు కొట్టి మగ్గం పైన కడతాడు. ఇంక తొక్కితే చాలు, నెమలి దానంతట అదే దిగతాది. నేసే చీర మీద ఎవరన్నా చేత్తో నెమలిని దిద్దతారా?"

మామ మీసం దువ్వాడు. "అట్ట చిరిగితే?"

"ఏంది?"

"పని మధ్యలో అట్ట చిరిగితే మీ నాయన చీర ఆపేస్తాడా, చేత్తో పోగు ఎత్తతాడా? అడిగి చెప్పు."

నేను అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని అప్పుడు అనుకోలేదు. భజన మందిరంలో మాకు శ్లోకాలు నేర్పిన ముసలాయన నియమం ఒక్కటే. విన్నది విన్నట్టు అప్పజెప్పాలి, సొంత తెలివి చేర్చకూడదు. నా ఎనిమిదో ఏట తాళం కుదరడం లేదని ఒక శ్లోకంలో ‘అయ్యా’ అని చేర్చినందుకు నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాడు. ఆ నియమం నా ఎముకల్లో ఉంది. అందుకే పరికరాన్ని కంప్యూటర్లలోకి ఎక్కించిన రోజునే దాని అమరికల్లో ఒక చిన్న మార్పు కూడా చేశాను. అది తప్పని నాకు తోచలేదు, కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

మొదటి వారాలు కష్టంగా గడిచాయి. నేను చూస్తున్నంతసేపూ బొమ్మ గీసేవాళ్ళు. నేను లేచి వెళ్ళగానే పాత పద్ధతిలో కోడ్ రాసేసి, తర్వాత దానికి సరిపోయే బొమ్మ గీసి చూపించేవాళ్ళు. పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టు. కడంబత్తూరు అమ్మాయి బొమ్మలో పెట్టెల మధ్య సన్నని చుక్కలు కనిపించాయి.

"ఇవేంది?"

"చుక్కలు పెట్టకుంటే నాకు గీత రాదక్కా. మా వాకిట్లో ముగ్గు చూడండి, ఎంత బాగుంటాదో."

ఈ గందరగోళంలో ఒక సోమవారం మామ నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సరే అమ్మాయ్. నీ బొమ్మే గెలిచింది. ఇంక నేను ఎదురు మాట్లాడను."

ఆ రోజు నుంచి అన్నీ కుదిరిపోయాయి. నేను ఒక పద్ధతి పెట్టాను. పగలంతా బొమ్మలో మార్పులు చేసుకోవడం, సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు నేను దండం పెట్టుకుని ఒక్కసారి జనరేట్ నొక్కడం, మరుసటి రోజు తొమ్మిదింటికి అందరూ కలిసి పరీక్షించడం. అలా రెండు నెలలు ఒక్క తప్పు కూడా రాలేదు. ఏ మండపం ఏ పూట అడిగినా చక్కగా జవాబు వచ్చేది. మామ అందరికన్నా ముందే ఆఫీసుకు వచ్చి కూర్చునేవాడు. చూశారా, నమ్మకం కుదిరితే మనిషిలో ఎంత శ్రద్ధ వస్తుందో అని నేను భజనలో కూడా చెప్పాను.

తప్పులు రాకుంటే మెట్ల పూజ చేస్తానని తిరుత్తణి స్వామికి మొక్కుకున్నాను, అది తీర్చుకోవాలి కదా. ఒక ఆదివారం తిరుత్తణి వెళ్ళి, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ కొండెక్కాను. ఏడాదికి ఎన్ని రోజులో అక్కడ అన్ని మెట్లు. సోమవారం కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవలసి వచ్చింది. మామ చెయ్యి అందించాడు.

"ఎందుకమ్మా ఇంత కష్టం?"

"సాఫ్ట్‌వేర్ తప్పు లేకుండా నడస్తా ఉండాది గదా మామా. స్వామికి చెప్పుకోవద్దా?"

మామ ఏదో అనబోయాడు. మళ్ళీ మీసం దువ్వుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్ళాడు.

మండపాల ఆయన తిరుత్తణిలో పెద్ద పండగైన ఆడి కృత్తిక మరునాడు పది గంటలకు వస్తానన్నాడు. కృత్తిక రోజున మామ సెలవు పెట్టాడు. తిరుత్తణిలో తలనీలాలు ఇచ్చే మొక్కు ఉందట. పండగ రోజు కదా, మేమూ సగం పూట పని చేసి వెళ్ళిపోదామనుకున్నాం. తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది.

"అక్కా," అంది కడంబత్తూరు అమ్మాయి. గొంతులో సుండల్ నాటి ఎగతాళి లేదు. "పెళ్ళి గురువారం పొద్దున. వాళ్ళు బుధవారం సాయంత్రమే రిసెప్షన్‌కు హాల్లో దిగతారు గదా? కానీ బుధవారం సాయంత్రం హాలు కాలీ అని చూపిస్తా ఉండాది. నేను సుమ్మా ఊరికే ఒక బర్త్‌డే పార్టీ బుక్ చేసి చూస్తి. తీసుకునింది."

"తీసుకునిందా?"

"ఒకే స్టేజి మీద పెళ్ళికూతురూ, కేకూ."

"నిన్నటిదాకా బాగానే ఉండింది గదా!"

"నిన్న నేనే చూస్తినక్కా. అప్పుడు ఇట్ల లేదు."

రోజూ మధ్యాహ్నం కోడ్‌కు ఒక కాపీ తీసి దాచే అలవాటు నాకుంది. నిన్నటి కాపీనీ, నిన్న సాయంత్రం జనరేట్ చేసిన కోడ్‌నూ పక్కపక్కన తెరిచాం. నిన్నటి కాపీలో కొన్ని ఫైళ్ళకు పైన ఒక పిళ్ళయారు సుళి ఉంది. మా వైపు పద్దు రాసినా, ఉత్తరం రాసినా, చివరికి సరుకుల చీటీ రాసినా, ముందు పైన వినాయకుడి పేరిట కొక్కెంలాంటి ఆ గుర్తు వేయనిదే చెయ్యి కదలదు. కానీ అది మిషన్ రాసిన కోడ్. నేటి కోడ్‌లో అలాంటిదేమీ లేదు.

"అక్కా," అంది ఆ అమ్మాయి మెల్లగా, "మిషనుకు భక్తి వచ్చిందంటారా?"

ఒక్క క్షణం నాకూ అదే అనిపించిందని సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. తర్వాత ఆ సుళి కింద ఉన్న కోడ్ చదివాను. బుకింగు ముందు రోజు మధ్యాహ్నం నుంచే హాలును పట్టి ఉంచే వరుసలు అవి. వాటి పక్కన ఒక వ్యాఖ్య ఉంది. ‘రాత్రి పన్నెండుకు ఎవడూ పెళ్ళి మొదలుపెట్టడు.’ అది మిషన్ భాష కాదు. మామ భాష.

అప్పుడు అర్థమైంది. రోజూ సాయంత్రం నేను జనరేట్ నొక్కితే మామ రాసినవన్నీ చెరిగిపోయేవి. మామ తెల్లారి వచ్చి, తన దగ్గర దాచుకున్న వరుసలన్నిటినీ మళ్ళీ అతికించేవాడు. తొమ్మిదింటికి మేం వచ్చి సృష్టి శుద్ధంగా ఉందని చప్పట్లు కొట్టేవాళ్ళం. ఈ రోజు మామ లేడు. రేపు పదింటికి మండపాల ఆయన వస్తాడు.

మామ ఫోను స్విచాఫ్. లాప్‌టాప్ సంచిలో వేసుకుని తిరుత్తణి రైలెక్కాను. పెట్టె నిండా పూలకావళ్ళు, పసుపు బట్టలు, అరోహరా అంటూ భక్తుల కేకలు. సంచిని గుండెలకు అదుముకుని, ఒక కావడి నెమలి ఈకలు ముక్కులో గుచ్చుకుంటుండగా, అరక్కోణం దాకా తుమ్ముతూనే ఉన్నాను.

కొండ మీద అసలు ఇబ్బంది మొదలైంది. అక్కడ వేలమంది మామలున్నారు. అందరికీ గుండే, అందరి గుండుకూ గంధమే, అందరిదీ పసుపు పంచే. మామను నేను మీసంతో, ఆయన బల్లతో కలిపి గుర్తుపెట్టుకున్నానే గానీ ముఖాన్ని సరిగ్గా చూసిన పాపాన పోలేదు. "మామా!" అని గట్టిగా పిలిచాను. తొమ్మిదిమంది తిరిగారు. ఒకాయన అరవంలో "ఎన్నమ్మా?" అన్నాడు చాలా ప్రేమగా. ఆయన మా మామ కాదు.

మెట్ల దగ్గర మూడోసారి కిందికి దిగుతుంటే పక్కనుంచి వినిపించింది. "ఏమ్మాయ్, మూడుసార్లుగా నా ముందరే పోతా ఉండావు. ఎవరిని వెతకతా ఉండావు?"

గుండు, గంధం, చేతిలో పులిహోర దొన్నె. మీసం లేదు. పక్కన వాళ్ళావిడ కూర్చుని ఉంది. మా భజనలో రెండో వరుసలో తాళం వేసే అత్త.

"మిమ్మల్నే మామా! మీసం ఏమైంది?"

"మొక్కు. ఆఫీసు యాడ, నువ్వు యాడ? ఈ రోజు పని లేదా?"

"పిళ్ళయారు సుళి చూసినాను మామా."

మామ దొన్నె కింద పెట్టాడు. మీసం దువ్వుకోవడానికి చెయ్యి లేపి, అక్కడేమీ లేదని గుర్తొచ్చి, గంధం గుండు మీదికి పోనిచ్చాడు. "అది చేతి అలవాటమ్మా. వేయకుంటే రాసింది నిలవదనిపిస్తాది."

"అది సరే. ఎందుకు దాచినారు? తప్పుంటే నాకు చెప్పొచ్చు గదా?"

"చెప్పలేదా? రెండుసార్లు చెప్తి. పెళ్ళి ముందు రోజు మధ్యానం నుంచే మొదలవతాదని చెప్తి. సంకల్పంలో దోషం లేదు, మీరు చేత్తో ముట్టొద్దు అంటివి. ఇంక నీతో ఎవరు వాదించేది?"

అన్నాను. నాకు బాగా గుర్తుంది. నేను వెళ్ళిన ప్రతి పెళ్ళికీ ముందు రోజు సాయంత్రమే వెళ్ళి, రిసెప్షన్ భోజనం చేసి, అక్కడే పడుకుని పొద్దున ముహూర్తం చూసినదాన్ని. అయినా బొమ్మలో రోజు అంటే ఒక పెట్టె, పెట్టె అర్ధరాత్రి మొదలై అర్ధరాత్రి ముగియాలి అని గీశాను. గీశాను కాబట్టి అదే నిజమనుకున్నాను.

"తప్పయిపోయింది మామా. కానీ పని చెడిపోనిచ్చి ఉంటే మీకే మంచిది గదా. ఆ పరికరం పోయి మీ పాత పద్ధతి వచ్చేది."

ఈసారి అత్త అందుకుంది. "పరికరం పోతే నిన్ను మద్రాసుకు తోలేస్తారంట గదమ్మా. నువ్వు పోతే శనివారం మొదటి పాట ఎవరు ఎత్తేది? ఈయన్నే ఎత్తమంటిని. ఒకరోజు ఇంట్లో పాడి చూపిచ్చినాడు. పక్కింటాయన వచ్చి ఒంట్లో బాగలేదా అని అడిగినాడు."

"ఆ పొద్దే నిశ్చయించుకుంటి," అన్నాడు మామ. "నీ బొమ్మ గెలవాల్సిందే అని. రోజూ ఏడింటికి వచ్చి అంటిస్తా ఉంటి. ఈ రోజు ఒక్క రోజుకు ఏమవతాదిలే అనుకుంటి."

నేను పసుపు రాసిన మెట్లలో ఒకదాని మీదే మేం కూర్చుని ఉన్నాం. అప్పుడు నేను కూడా నా తప్పు చెప్పుకోక తప్పలేదు.

"మామా, ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. బొమ్మలో గీయలేనివి ఉంటాయని ఆ పరికరం చేసినవాళ్ళకు తెలుసు. చేత్తో రాసుకునేదానికి ప్రతి ఫైల్లో ఒక చోటు వదిలిపెడతాది. ఎన్నిసార్లు జనరేట్ నొక్కినా ఆ చోటును ముట్టదు. మొదటి రోజే నేను దాన్ని మూసేసినాను."

గంధం పెచ్చు లేచేలా మామ నుదురు ముడిపడింది. "చోటు ఉండాదా?"

"ఉండాది."

"రెండు నెల్లుగా నేను కోడి కూతకు లేచి, కాఫీ కూడా తాగకుండా వచ్చి, అంటించిందే అంటిస్తా ఉంటే, చోటు పెట్టుకొని మూసేసినావా?"

"మా గురువుగారు సొంత తెలివి చేర్చొద్దని..."

"మీ గురువుగారు మండపం నడిపినారా?"

అత్త పులిహోర దొన్నె నా చేతిలో పెట్టింది. "తిను. ముందు తిని, తర్వాత తిట్లు తిందువు."

లాప్‌టాప్‌లో చార్జి అయిపోవచ్చింది. ముగ్గురం కొండ దిగి మా నాయన ఇంటికి వెళ్ళాం. మగ్గం పక్కన ప్లగ్గు ఉంది. మామ ఒక్కొక్కటీ చెప్తుంటే నేను బొమ్మలో గీశాను. పెళ్ళి ముందు రోజు మధ్యాహ్నం మొదలవుతుంది. అది బొమ్మలోకి సులువుగా వచ్చింది. ఆ తర్వాతవి కూడా చాలావరకు వచ్చాయి. ఒక్కటి మాత్రం ఎంత గీసినా రాలేదు. ఒక చోట పై హాలుకూ కింది హాలుకూ వంటగది ఒకటే. రెండింటిలో ఒకే పూట పెళ్ళిళ్ళు పడితే వంటమాస్టర్లు ఇద్దరూ ఎవరన్నదాన్ని బట్టి, కొన్నిసార్లు కుదురుతుంది, కొన్నిసార్లు గరిటెలు లేస్తాయి. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆగి మండపాల ఆయన్ను అడగాలి. ఏ వంటమాస్టరుకు ఎవరితో పడదో మామ దగ్గర పట్టిక ఉంది.

"దీన్ని ఎట్ల గీసేది?" అన్నాను.

మా నాయన మగ్గం ఆపి చూస్తున్నాడు. రెండు నెలల కిందట అడగాల్సింది అప్పుడు అడిగాను. "నాయనా, నేస్తా ఉంటే అట్ట చిరిగితే ఏం చేస్తావు?"

"చేత్తో పోగు ఎత్తతాను. ఏం, చీర ఆపతామా?"

మామ గెలిచినట్టు లేని మీసాన్ని దువ్వుకున్నాడు.

"రోజూ చేత్తోనేనా?"

"రోజూ ఎందుకు? సందేళ కూర్చొని కొత్త అట్ట కొడతాను. ఊరికే ఎత్తతా ఉంటే చెయ్యి నొప్పి పుట్టదా?" అని మా నాయన మామ వైపు చూసి, "మీ ఆఫీసులో అట్ట కొట్టేదెవరు?" అన్నాడు.

మామ నా వైపు వేలు చూపించి, తన వైపు కూడా చూపించుకున్నాడు. నేను మూసిన చోటు తెరిచాను. వంటమాస్టర్ల గొడవ అక్కడ చేత్తో రాశాడు మామ. ముందు పైన సుళి వేశాడు. జనరేట్ నొక్కాను. వరుసలు కదలలేదు, సుళి కదలలేదు. ఇంకోసారి నొక్కమన్నాడు. ఇంకోసారి. ఏడోసారి మా నాయన "మీట అరిగిపోతాది" అన్నాక గానీ ఆపలేదు.

మరునాడు పదింటికి మండపాల ఆయన వచ్చాడు. మా ఓనరు మామ గుండు చూసి, ఎవరో కొత్తగా చేరారనుకుని నమస్కారం పెట్టాడు. మండపాల ఆయన బర్త్‌డే పార్టీ మాత్రం అడగలేదు. అన్నీ చూసి, "మా తిరుత్తణి మండపంలో ముందు రోజు మధ్యానం కాదమ్మా, పొద్దున్నే తాళం ఇచ్చేస్తాం. దీన్ని మార్చాలంటే ఎన్ని రోజులవతాది?" అన్నాడు.

ఆయన ముందే బొమ్మలో ఒక పెట్టె మార్చి, జనరేట్ నొక్కాను. పట్టపగలు, దండం పెట్టుకోకుండా, మామ పొద్దున అతికించే వీలు లేకుండా నొక్కడం అదే మొదటిసారి. కడంబత్తూరు అమ్మాయి కళ్ళు మూసుకుంది. కోడ్ వచ్చింది. తిరుత్తణి హాలు ముందు రోజు పొద్దున్నుంచి నిండినట్టు చూపించింది. తర్వాత మండపాల ఆయన పై హాలుకూ కింది హాలుకూ ఒకే పూట పెళ్ళి పెట్టి చూశాడు. సాఫ్ట్‌వేర్ ఆగి, వంటమాస్టర్లెవరని అడిగింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "మిషనుకు ఇది కూడా తెలుసునా?"

"మిషనుకు తెలియదండీ," అన్నాను. "మా మామకు తెలుసు."

మా ఓనరు అప్పుడు గానీ గుర్తుపట్టలేదు. "మామా, మీరా?" అన్నాడు. వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "మీరు ఇక్కడే ఉండండమ్మా. చెన్నై సీటు వేరేవాళ్ళకిస్తాను" అన్నాడు.

ఆ శనివారం మొదటి పాట నేనే ఎత్తాను. పాటకు ముందు, మామ శ్రద్ధ గురించి ఇంతకు ముందు చెప్పింది సగమేనని చెప్పి, మిగతా సగం కూడా చెప్పాను. ఆ మెట్ల పూజ దండగైందని నేను అనుకోవడం లేదు. స్వామి నా మొర విన్నాడు. రోజూ కోడి కూతకే మామను లేపి పంపాడు, అంతే.

ఆ తర్వాత మేం పరికరంలో ఇంకొక మార్పు చేశాం. మిషన్ రాసే ప్రతి ఫైలు పైన పిళ్ళయారు సుళి దానంతట అదే వచ్చేలా పెట్టాం. ఆలోచన కడంబత్తూరు అమ్మాయిది. మామకు చూపించాం. ఆయన తెర దగ్గరికి వంగి, అప్పుడే మొలుస్తున్న మీసం మీద వేలు పెట్టి చూశాడు.

"బాగుండాది," అన్నాడు. "కానీ మిషన్ వేసింది లెక్కకు రాదమ్మా."

చేత్తో రాసుకునే చోటు తెరిచి, మిషన్ సుళి కింద తన సుళి తను వేసుకున్నాడు.